జాబితాలో లేని చెట్టు: పట్టాల పక్క పచ్చదనంతో మా సెక్షన్ అనుభవం

మే నెలాఖరు. రోహిణి కార్తె. పగలంతా కాల్చిపారేసిన ఎండ సాయంత్రం ఐదున్నరకి ఒక్కసారిగా తగ్గింది. పడమటి దిక్కున మబ్బు నల్లగా లేచింది. మా వైపు వాళ్లకి ఈ మబ్బు కొత్త కాదు. ముందు దుమ్ము, తర్వాత ఈదురుగాలి, చివర్లో నాలుగు పెద్ద చినుకులు. అరగంటలో అంతా ఐపోతుంది. ఆ అరగంటలోనే మా రైల్వే సెక్షన్‌లో ఒక నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచి పట్టాల మీద పడింది. పడుతూ పడుతూ పైనున్న 25 కేవీ తీగను కిందికి లాగేసింది.

లైను ట్రిప్ అయింది. కంట్రోల్ వాళ్లు ఒకసారి సరఫరా మళ్లీ ఇచ్చి చూశారు, నిలబడలేదు. వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్ రెండు స్టేషన్ల మధ్య పొలాల్లో ఆగిపోయింది. ఇప్పుడు చాలా రైళ్లలో బోగీల కరెంటు కూడా ఇంజను ద్వారా పైతీగ నుంచే వస్తుంది, అందుకే ఏసీలూ ఆగిపోయాయి. పిల్లల్ని ఎత్తుకుని జనం మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. మేము చెట్టు దగ్గర గొడ్డళ్లతో, రంపాలతో నిలబడ్డాం. నిలబడటమే. పవర్ బ్లాక్ తీసుకుని, అంటే తీగలో సరఫరా ఆపించి, పర్మిట్ చేతికొచ్చి, తీగని నేలకి కలిపే ఎర్త్ రాడ్లు రెండు వైపులా తగిలించేదాకా ఎవరూ కొమ్మ మీద చెయ్యి వేయడానికి లేదు. సరఫరా ఆపిన తీగలో కూడా పక్క లైను తీగ వల్ల ప్రాణం తీసేంత వోల్టేజీ పుట్టి ఉంటుంది. చెట్టును ముక్కలు చేసి పక్కకి లాగడానికి నలభై నిమిషాలు పట్టింది. తెగిన తీగను నిలబెట్టి రైలు నడపడానికి మూడు గంటలు దాటింది.

నేను పర్మనెంట్ వే విభాగంలో, అంటే పట్టాలని చూసుకునే విభాగంలో, సీనియర్ సెక్షన్ ఇంజనీరుని. ఒంగోలు దాటాక దక్షిణంగా గూడూరు వైపు వెళ్లే కోస్తా లైనులో కొంత భాగం అప్పట్లో నా చేతిలో ఉండేది. ఆ రాత్రి ఇంటికి వెళ్లాక చేసిన మొదటి పని, ఏప్రిల్‌లో నేనే సంతకం పెట్టిన ప్రమాదకర చెట్ల జాబితా తీసి చూడటం. ఎండిపోయిన తుమ్మలు ఉన్నాయి. మోడైన తాడి ఉంది. పట్టాల వైపు ఒరిగిన వేప ఉంది. ఆ నిద్రగన్నేరు లేదు. జాబితాలో ఉన్నవాటిలో అప్పటికి కొట్టేయనివి కూడా కొన్ని ఉన్నాయి, అవన్నీ నిక్షేపంగా నిలబడే ఉన్నాయి.

మర్నాడు మా మేట్, అంటే గ్యాంగు పెద్ద, ఒక్క మాటలో తేల్చేశాడు. "ఎండిన చెట్టులో గాలికి పట్టేదానికి ఏముంది సార్? ఆకు ఉంటే కదా!"

ముప్ఫై ఏళ్లు పట్టాల మీద నడిచినవాడు. జాబితా రాసే ముందే ఆయన్ని అడిగి ఉండాల్సింది. మేం జాబితా రాసేటప్పుడు వెతికేది చచ్చిపోయిన చెట్లని, వంగిన చెట్లని. కంటికి కనిపించేవి అవే. నిద్రగన్నేరు మే నెలలో నిండుగా ఆకేసుకుని గొడుగులా పరుచుకుంటుంది. గాలికి అది తెరచాప. ఆరోగ్యంగా పచ్చగా ఉండటమే ఆ రోజు దాని మీదికి వచ్చింది.

అయినా ఆకు ఒక్కటే అంత చెట్టును లేపలేదు. పడిన చోట గుంత దగ్గర కూర్చుని వేళ్లు చూశాం. పట్టాల వైపు వేళ్లు మట్టితో సహా చీరుకుని లేచాయి, కొనలు తాజాగా ఉన్నాయి. పొలం వైపు వేళ్లు మాత్రం కొనలు నల్లబడి, ఒకే వరసలో కోసేసినట్టు ఉన్నాయి. అక్కడ ఎప్పుడో కేబుల్ కోసం జేసీబీతో కాలవ తవ్వారు. రైల్వే హద్దు వెంట, చెట్ల వరసకి అవతల. తవ్వారు, కేబుల్ వేశారు, పూడ్చారు, గడ్డి మొలిచింది. పైకి ఏమీ తెలియదు. మా వైపు వేసవి గాలివాన పడమటి నుంచి వస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న వేళ్లే చెట్టును వెనక్కి గుంజిపట్టే తాళ్లు. ఆ తాళ్లు ఏనాడో తెగిపోయాయి. చెట్టు అప్పటిదాకా ఒంటి కాలి మీద నిలబడి ఉంది, మేమెవరం చూడలేదు.

ఆ చెట్టు అక్కడికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఒక జులైలో, వనమహోత్సవంలో నాటిన వరసలోది అది. నాటినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు పెట్టిన మొక్క మోకాలెత్తు. పట్టాల నుంచి పది మీటర్లంటే మోకాలెత్తు మొక్కకి చాలా దూరం. పదిహేనేళ్ల తర్వాత పద్నాలుగు మీటర్ల చెట్టుకి అది దూరమే కాదు. ఎన్ని నాటారన్న లెక్క ఆ జులైలోనే పైకి వెళ్లిపోయింది. ఎంత ఎత్తు పెరుగుతుంది, ఎవరు కొమ్మలు కొట్టాలి, ఏ పద్దులోంచి అన్నది ఏ కాగితంలోనూ లేదు. నాటేది ఒకరు, కొట్టేది ఇంకొకరు, కేబుల్ తవ్వేది మూడోవాళ్లు, రైలు ఆగితే సంజాయిషీ రాసేది నేను.

తీగలు రాకముందు పరిస్థితి ఇలా లేదు. డీజిల్ రోజుల్లో కొమ్మ విరిగి పడితే గ్యాంగు వెళ్లి లాగేసేది, పది నిమిషాల్లో రైలు కదిలేది. చెట్టు అంటే గ్యాంగు వాళ్లకి మధ్యాహ్నం అన్నం తినే నీడ. తీగ వచ్చాక లెక్క మారింది. రైలుకి తగిలే ఎత్తు దాటి పైన ఉన్న కొమ్మలతో కూడా పని పడింది. తీగకు 4 మీటర్ల లోపు కొమ్మ రాకూడదు. 2 మీటర్ల లోపు పని చేయాలంటే సరఫరా ఆపాల్సిందే. గాలికి ఊగిన కొమ్మ తీగని తాకకపోయినా, తడి గాలిలో దగ్గరికి వచ్చినా చాలు, లైను ట్రిప్ అవుతుంది.

ఇంకో ముచ్చట. 2002 డిసెంబరు 31న ఢిల్లీ–అమృత్‌సర్ శతాబ్దిని 5 శాతం బయోడీజిల్ కలిపి నడిపి చూశారు. ఆ ఊపులో దేశమంతా పట్టాల పక్క ఖాళీ జాగాల్లో జట్రోఫా నాటారు. మన వైపు దాన్ని అడవి ఆముదం అంటారు. పశువులు ముట్టవు, నీళ్లు అడగదు, గింజలోంచి నూనె, ఆ నూనెతో రైలు. వినడానికి ఎంత బాగుందో! మా సెక్షన్‌లో ఒక పాత గేటు గది వెనక ఇప్పటికీ నాలుగైదు పొదలున్నాయి. కాయలు కాస్తాయి, రాలతాయి. పైన కరెంటు ఇంజన్లు పోతుంటాయి. నిజానికి ఎత్తు పెరగని పొద కాబట్టి, ఆ పథకం వదిలిపోయిన మొక్క మాకు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఈ మాట తర్వాత పనికొచ్చింది.

చెట్టు పడిన వారానికి మీటింగు. అందరూ ఊహించిన మాటే వచ్చింది: రెండు వైపులా హద్దు దాకా అన్నీ కొట్టేయండి. టెన్షన్ ఉండదు.

నేను ఒప్పుకోలేదు. ప్రకృతి ప్రేమతో కాదు. అంతకుముందు వేరే సెక్షన్‌లో ఆ పని నా చేతులతోనే చేయించాను కాబట్టి, తర్వాత ఏమైందో చూశాను కాబట్టి. కట్ట వాలు మీద ఉన్న కానుగలు, వేపలు, తుమ్మలు అన్నీ తీయించాం. ఫొటోలో లైను శుభ్రంగా, విమానాశ్రయంలా కనిపించింది. మొదటి వానాకాలానికి కట్ట మీద వేలెడంత గాడులు పడ్డాయి. రెండో ఏటికి అవి గండ్లయ్యాయి. నల్లరేగడి కట్ట, పట్టుకునే వేరు లేదు. గండ్లు పూడ్చడానికి మట్టి తోలించిన ఖర్చు చెట్లు కొట్టించిన ఖర్చుని మించిపోయింది. ఇక ఖాళీ అయిన నేలలోకి వచ్చింది సర్కారు తుమ్మ. దాన్ని నేల మట్టానికి నరికితే చచ్చిపోదు, ఒక మోడు నుంచి పది కొమ్మలు లేస్తాయి. నరికిన కొద్దీ గుబురవుతుంది. పోవాలంటే మొదలును జానెడు లోతున వేరు ముడితో సహా తీయాలి, కట్ట వాలు మీద అలా తవ్వితే కట్టే వదులవుతుంది. మూడేళ్లలో ఒక్కో వంపు దగ్గర ముళ్ల గోడ లేచి సిగ్నల్ కనిపించడం లేదని లోకో పైలట్లు రాయడం మొదలుపెట్టారు.

కాకుల సంగతి కూడా అక్కడే గమనించాను. చెట్లు పోయాక గూళ్లు కరెంటు స్తంభాల మీదికి వచ్చాయి. కాకి ఊరుకుంటుందా, పుల్లలతో పాటు ఇనుప తీగ ముక్కలు కూడా తెచ్చి అల్లుతుంది. ఇన్సులేటర్ దగ్గర ఆ ముక్క జారితే ట్రిప్పు. చెట్లు కొట్టడం వల్లే గూళ్లు పెరిగాయని రుజువు చెయ్యమంటే చెయ్యలేను. పైతీగలు చూసుకునే టీఆర్డీ విభాగం వాళ్లు ఆ వేసవిలో గూళ్లు తీయలేక విసుక్కోవడం మాత్రం నా చెవులతో విన్నాను.

కాబట్టి ఈసారి వేరే పని అడిగాను: మొత్తం సెక్షన్ నడుస్తాం, ప్రతి చెట్టునీ చూస్తాం, తర్వాత చెప్తాం. మూడు నెలలు గడువిచ్చారు.

నడక

నేను, మేట్, టీఆర్డీ నుంచి ఒకరు, సిగ్నల్ వాళ్ల నుంచి ఒకరు. సిగ్నల్ మనిషిని పట్టుపట్టి తెచ్చుకున్నాను, ఎందుకంటే కేబుల్ కాలవలు ఎక్కడెక్కడ తవ్వారో ఆయన దగ్గరే మ్యాపు ఉంది. పొద్దున ఆరుకి మొదలుపెట్టి పదికల్లా ఆపేసేవాళ్లం. చెట్టుకి అడ్రసు కొత్తగా పెట్టక్కర్లేదు. ప్రతి కరెంటు స్తంభం మీద కిలోమీటరు నంబరు, దాని కింద వరస నంబరు ఉంటాయి. "ఫలానా స్తంభం ఎదురుగా, పడమర, రెండో చెట్టు" అంటే చాలు.

ఎత్తు కొలవడానికి పరికరాలేమీ లేవు. కర్ర నీడ కర్ర పొడవుతో సమానమయ్యే వేళ ఒకటి ఉంటుంది, పొద్దున తొమ్మిది ప్రాంతంలో. ఆ వేళకి చెట్టు నీడని టేపుతో కొలిస్తే అదే చెట్టు ఎత్తు. నేల సమంగా లేని చోట మేట్ కంటి అంచనా. నేను టేపుతో సరిచూసిన ప్రతిసారీ ఆయన అంచనా అర మీటరు అటూ ఇటూ, అంతే.

ఎత్తు రాసి ఊరుకుంటే చాలదని రెండో రోజే తెలిసింది. లైను మూడు మీటర్ల కట్ట మీద ఉంటే, కట్ట అడుగున ఉన్న చెట్టు ఎత్తులోంచి ఆ మూడు మీటర్లు తీసేయాలి. లైను తవ్వకంలో పోతుంటే గట్టు మీది చెట్టుకి ఆ లోతు కలపాలి. అంటే ఒకే ఎత్తు చెట్టు ఒక చోట నిరపాయం, ఒక చోట గండం. తవ్వకం మీద ఉన్న ఆరు మీటర్ల తురాయి నాకు కట్ట కింద ఉన్న పన్నెండు మీటర్ల వేప కన్నా ఎక్కువ భయపెట్టింది.

తర్వాత దిక్కు. మే గాలివాన పడమటిది. కాబట్టి పడమటి పక్క చెట్లు పట్టాల మీదికి, తూర్పు పక్కవి పొలాల్లోకి పడతాయి. తుపాను సంగతి వేరు. అది ఎక్కడ తీరం దాటితే దాన్ని బట్టి గాలి దిక్కు మారుతుంది, ఏ పక్క చెట్టైనా రావచ్చు. కానీ తుపానుకి రెండు మూడు రోజుల ముందే హెచ్చరిక ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ముందే చాలా రైళ్లు రద్దు చేశారు. చెట్టు పడినా కింద రైలు లేకపోతే అది ఖర్చు మాత్రమే. మే గాలివానకి అంత ముందు హెచ్చరిక ఉండదు, రైళ్లన్నీ లైను మీదే ఉంటాయి. అందుకే నా పుస్తకంలో పడమటి పక్కకి వేరే పేజీలు పెట్టాను. ఇది రూల్ పుస్తకంలో లేదు. మా ఊరి గాలి రూలు.

ఇక చెట్టుని చూడటం. రోజూ పట్టాలు చూసుకుంటూ నడిచే కీమ్యాన్ సుత్తితో చెట్టు మొదట్లో తట్టాలి. గట్టి మాను టక్ మంటుంది, డొల్ల మాను డోలులా పలుకుతుంది. మొదట్లో పుట్టగొడుగులు ఉన్నాయా, ఒక పక్క నేల పగిలిందా, చుట్టూ ఎప్పుడైనా తవ్వారా. ఈ చివరి ప్రశ్న మా పుస్తకంలో కొత్తది. కాలవ తవ్విన వరసలో మాకు ఇంకా పదకొండు చెట్లు దొరికాయి, అన్నీ నిండు పచ్చగా ఉన్నవే. ఆ పదకొండూ ముందు కొట్టేశాం.

ఇక్కడే ఒక తెలివితక్కువ పని చేశాను. కొట్టాల్సిన వాటికి ఎర్ర రంగు గుండ్రంగా పూయించాను, కొమ్మలు తగ్గించాల్సిన వాటికి పసుపు. నాలుగో రోజుకల్లా చుట్టుపక్కల ఊళ్లకి ఆ రంగుల భాష అర్థమైపోయింది. ఒక రాత్రి ఎర్ర గీత ఉన్న రెండు వేపలు మాయం. కొట్టుకుపోయినవాళ్లు తీగకి దూరంగా పడేట్టు కొట్టారు, ఆ మేరకి వాళ్లకి పని తెలుసు. కానీ కలప రైల్వే ఆస్తి, వేలం వేసి లెక్క చూపించాలి. ఆ రెండు చెట్లకి నేను రాసిన వివరణ ఈ వ్యాసం కన్నా పెద్దది. తర్వాత రంగు మానేసి చెట్టుకి చిన్న రేకు ముక్క మీద నంబరు కొట్టి పెట్టాం. నంబరు చూస్తే కొట్టేదో ఉంచేదో ఎవరికీ తెలియదు.

హద్దు అవతల

మా సెక్షన్‌లో సగం ప్రమాదం రైల్వే జాగాలోది కాదు. కోస్తా ఇసుక నేలల్లో రైల్వే హద్దు రాయి దాకా సరుగుడు తోటలు. నాలుగైదేళ్లకి నరికి అమ్ముతారు. నరికే ముందు ఏడాదికి అవి పది పన్నెండు మీటర్లు లేచి, సన్నగా, చిక్కగా ఉంటాయి. లోపలి వరసలు ఒకదానికొకటి ఆసరా. అంచు వరసకి ఆసరా ఒక పక్కే.

1989 రైల్వే చట్టం 14వ సెక్షన్ ప్రకారం చెట్టు పట్టాల మీద పడే ప్రమాదం ఉన్నా, సిగ్నల్‌కి అడ్డమైనా ప్రైవేటు భూమిలోకి వెళ్లి తొలగించే అధికారం రైల్వేకి ఉంది. నష్టానికి డబ్బు కట్టాలని 15వ సెక్షన్ చెబుతుంది. చట్టం చేతిలో పెట్టుకుని పోలీసుతో వెళితే ఒకసారి పని అవుతుంది. రెండోసారి ఆ రైతు పొలంలో మనకి మంచినీళ్లు పుట్టవు. మా ట్రాక్‌మ్యాన్లు రోజూ ఆ గట్ల మీదనే నడవాలి.

పడిన చెట్టుకి ఎదురుగా ఉన్న తోట ఒక పెద్దాయనది. వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. ఆయన మొదటి మాట: "అయ్యా, మీ చెట్టు నా కంచె మీద పడినప్పుడు మీరెవురూ రాలే. ఇప్పుడు నా చెట్లు మీ తీగ మీద పడతాయని వచ్చినారే!"

నిజమే. అంతకుముందు ఏడాది మా తుమ్మ ఆయన కంచె మీద పడి ఉంది, ఎవరూ తీయలేదు. ముందు మర్నాడు గ్యాంగుని పంపి ఆ తుమ్మ తీయించాను. తర్వాత మాట్లాడుకున్నాం. పట్టాల వైపు మొదటి ఐదు వరసలు ఆ ఏడే కొట్టుకోవాలి, కూలీలకి మేం బ్లాక్ ఇప్పించి కాపలా ఉంటాం. కొట్టేవాళ్లు తాళ్లు కట్టి పొలం వైపుకే లాగి పడేయాలి. మళ్లీ నాటేటప్పుడు ఆ మేర సరుగుడు కాకుండా వేరుశనగ వేసుకోవాలి. ఒక ఏడాది ముందు కొట్టినందుకు ఆయనకి టన్నుకి కొంత పోయింది, అది నేను ఇప్పించలేకపోయాను. ఆ ఖర్చుకి మా దగ్గర పద్దు లేదు. ఒప్పుకున్నాడు ఎందుకో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాదు. కంచె మీది తుమ్మ తీయించడమే కారణం అనుకుంటున్నా. మిగతా రైతుల్లో కొందరు ఆయన్ని చూసి కొట్టారు, ఇద్దరు కొట్టలేదు. ఆ ఇద్దరి తోటల దగ్గర వేసవి సాయంత్రాల్లో మనిషిని కాపలా పెట్టడం తప్ప చేయగలిగింది లేకపోయింది.

తాడిచెట్ల సంగతి వేరు. తాటిచెట్టు సామాన్యంగా పడదు. ఎండిన మట్టలే తంటా. గాలికి ఊడి గిరగిరా తిరుగుతూ వచ్చి తీగ మీద అడ్డంగా కూర్చుంటాయి. చెట్టు కొట్టడం అనవసరం, మట్టలు దించితే చాలు. మా ట్రాక్‌మ్యాన్లలో తాడిచెట్టు ఎక్కేవాడు ఒక్కడూ లేడు. కల్లు గీసేవాళ్లతో మాట్లాడాం. ఎలాగూ ఎక్కుతారు, మార్చిలో ఎండు మట్టలు దించేసి వాళ్లే తీసుకుపోతామన్నారు. రైల్వేకి పైసా ఖర్చు లేదు. ఫైలులో రాద్దామంటే ఏ నమూనాలోనూ ఇమడదు. అందుకని రాయలేదు.

పాత గేటు దగ్గర వేప ఒకటి ఉంది, మొదట్లో పోలేరమ్మ రాయి. పసుపు, కుంకుమ, కోడి ఈకలు. ఒరిగింది, జాబితాలో మొదటి పేరు. వేప కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. అంతకన్నా ముందు ఊరి అనుమతి కావాలి. సుత్తితో తట్టి చూస్తే మాను గట్టిది. ఒరుగు పాతది, ఒరిగాక మళ్లీ పైకి తిరిగి పెరిగిన చెట్టు. పొలం వైపు వేళ్లు తొడంత లావున నేల పైకి కనిపిస్తున్నాయి, చుట్టూ ఎవరూ తవ్వలేదు, అమ్మవారు ఉంది కాబట్టి తవ్వరు. లైను వైపు రెండు పెద్ద కొమ్మలు తీసేసి బరువు తగ్గించాం. కొమ్మ కోసే ముందు ఊరివాళ్లు కొబ్బరికాయ కొట్టారు, పైతీగ పనులకి వాడే మా టవర్ వ్యాగన్ డ్రైవరూ కొట్టాడు. ఒరిగిన వేప ప్రమాదం, నిటారు నిద్రగన్నేరు క్షేమం అని రాసుకున్న మా పాత జాబితా సరిగ్గా తలకిందులు.

నాటడం

కొట్టిన చోట ఏం పెట్టాలి? ఖాళీగా వదిలితే సర్కారు తుమ్మ వస్తుంది. కాబట్టి ఏదో ఒకటి పెట్టాల్సిందే.

ముందు మూడో లైను ప్లాను చూశాం. విజయవాడ–గూడూరు మూడో లైను కోసం ఎన్ని నాటిన వరసలు పోయాయో ఆ దారిన రైల్లో వెళ్లినవాళ్లకి తెలుసు. ఖాళీ జాగా అంటే చాలాసార్లు రేపటి లైను. ప్లానులో లేని పక్కనే ఎంచుకున్నాం.

ఎత్తు పెరిగేవి వద్దు. నర్సరీ వాళ్లు మొదట పంపింది లారీడు కోనోకార్పస్. పచ్చగా, వరసగా, నెలలో ఎదిగి ఫొటోకి బాగుంటుంది. దాని వేళ్లు కాలవల్లోకి, కేబుళ్లలోకి పోతాయి, పక్షికి పండు లేదు. వెనక్కి పంపించాను, దాంతో నాలుగు రోజులు ఫోన్లు. చివరికి కట్ట వాలుకి వట్టివేరు దుబ్బులు తెప్పించాం. కొంకణ్ రైల్వే వాళ్లు గట్ల మీద వాడుతున్నదే. వేరు నిలువుగా లోతుకు పోతుంది, మట్టిని కుట్టినట్టు పట్టుకుంటుంది. కట్ట కింద వావిలి, తంగేడు. రెండూ ఎత్తు పెరగవు, మేకలు పెద్దగా ముట్టవు. హద్దు వెంట కిత్తనార, పాతకాలం రైల్వే కంచె అదే కదా, ఎక్కడో మన ముందువాళ్లకి ఈ లెక్కలన్నీ తెలుసు. కానుగ, వేప మాత్రం హద్దు మూల వెడల్పుగా ఉన్న చోట, ముదిరాక ఉండే ఎత్తు కన్నా ఎక్కువ దూరంలోనే.

అసలు పోట్లాట నెల దగ్గర వచ్చింది. వనమహోత్సవం 1950 నుంచి దేశమంతా జులైలోనే. ఉత్తరానికి అది సరైన నెల. నెల్లూరు, ప్రకాశం తీరానికి అసలు వానలు అక్టోబరు, నవంబరులో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. జులైలో నాటిన మొక్క ఇక్కడ మూడు నెలలు ట్యాంకర్ మీద బతకాలి. ట్యాంకర్ ఆగస్టులో ఆగిపోతుంది. సెప్టెంబరుకి కర్రలు మిగులుతాయి. వచ్చే జులైలో అవే గుంతల్లో మళ్లీ నాటి మళ్లీ లెక్క రాస్తారు. నేను రాజీ కుదుర్చుకున్నాను: జులైలో స్టేషన్ ఆవరణలో, కుళాయి పక్కన, ఫొటోకి పాతిక మొక్కలు. లైను వెంట నాటడం అక్టోబరు మొదటి మంచి వాన తర్వాత. నివేదికలో రెండూ కలిపి ఒకే సంఖ్య. ఎవరూ ఏమీ అడగలేదు.

కొట్టే నెల కూడా మార్చాం. మా బారో పిట్లలో, అంటే కట్ట కోసం ఒకప్పుడు మట్టి తీసిన గుంతల్లో, వానలకి నీళ్లు నిలుస్తాయి. పైనున్న తుమ్మలకి గిజిగాళ్లు గూళ్లు వేలాడదీస్తాయి. వానాకాలమంతా అక్కడ పిల్లలే. జనవరి, ఫిబ్రవరిలో గూళ్లు ఖాళీ, నేల గట్టి, తుపాన్ల కాలం దాటిపోయి ఉంటుంది, మే గాలికి ఇంకా వ్యవధి ఉంటుంది. ఆ రెండు నెలలే మాకు కుదిరాయి. ఇంగ్లండులో ఇదే విషయం మీద 2018లో పెద్ద గొడవ జరిగింది. పక్షులు గూళ్లు పెట్టే కాలంలో పట్టాల పక్క చెట్లు నరుకుతున్నారని జనం లేస్తే, ప్రభుత్వం జాన్ వార్లీ అనే ఆయన చేత సమీక్ష చేయించింది. పట్టాల పక్క చెట్లని అడ్డంగా కాక ఆస్తిగా చూడండి అన్నది ఆయన చెప్పినదాంట్లో ముఖ్యమైన మాట. వాళ్ల తిప్పలు వేరు, అక్కడ రాలిన ఆకులకి చక్రాలు జారతాయి. మన దగ్గర ఆ బాధ లేదు. ఆస్తి అన్న మాట మాత్రం నాకు పనికొచ్చింది. మీటింగులో "చెట్టు" అంటే ఎవరూ తల ఎత్తరు, "ఆస్తి రిజిస్టరు" అంటే రాసుకుంటారు.

ఏమైంది

ఆ తర్వాత రెండు వేసవులు నేను అక్కడ ఉన్నాను. మా జాగాలోని చెట్టు ఏదీ తీగ మీద పడలేదు. ఒకసారి తాటి మట్ట పడింది, ఆ ఏడు కల్లు గీసేవాళ్లు ఎక్కని చెట్టుది. వరస కొట్టని ఒక సరుగుడు తోట నుంచి రెండు చెట్లు ఒరిగి, తీగకి మీటరు దూరంలో ఆగాయి. అదృష్టం. వట్టివేరు పట్టిన వాలు మీద గండ్లు పడలేదు, పట్టని చోట పడ్డాయి. ఎండాకాలం ఎవరో బీడీ పారేస్తే వట్టివేరు ఒక ముక్క కాలిపోయింది, మళ్లీ చిగిర్చింది. వావిలి బాగా వచ్చింది. తంగేడు సగం పోయింది, కారణం తెలియలేదు. పువ్వుల కోసం పీక్కుపోయారని మేట్ అంటాడు.

కేబుల్ కాలవల సంగతి మాత్రం సగమే తేలింది. చెట్ల వరస పక్కన తవ్వొద్దని, తవ్వితే ముందు మాకు చెప్పాలని ఒక ఉత్తరం మీద అందరి సంతకాలు తీసుకున్నాం. కాంట్రాక్టరు జేసీబీ డ్రైవరుకి ఆ ఉత్తరం చదివి వినిపించేది ఎవరు? రెండుసార్లు మేట్ జేసీబీకి అడ్డం నిలబడి ఆపాడు. మూడోసారి ఆయన సెలవులో ఉన్నాడు.

బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే కాగితాల్లో పట్టాలు, స్లీపర్లు, జాకీలు, గునపాలు, ఎర్రజెండాల దాకా అన్నిటికీ గడులున్నాయి. చెట్లకి గడి లేదు. మా పుస్తకాన్ని, పడమటి పేజీలతో సహా, వెనక అనుబంధంగా కుట్టించి ఇచ్చాను. మూడోసారి తవ్విన చోటు పక్కన ఉన్న నాలుగు చెట్ల రేకు నంబర్ల కింద ఎర్ర గీత గీశాను. కొత్తగా వచ్చిన అబ్బాయి పేజీలు తిప్పి, "సార్, ఇవి మేలోపు కొట్టాలంటే ఏ పద్దులో పెట్టాలి?" అని అడిగాడు. గడ్డి కోత కింద పెట్టమని చెప్పాను, నేనూ అలాగే చేశాను.